బనియాస్ దాకా కిల్టులో

కిల్టు కట్టుకుని బండి తోలడం హాయిగా ఉంటుందని ఎవరైనా మీతో అంటే, ఆ మనిషిని తీసుకొచ్చి నా సీట్లో కూర్చోబెట్టండి. ఎమిరేట్స్‌లో ఆ చివరున్న ఖోర్‌ఫక్కాన్ నుంచి ఈ చివరున్న రువైస్ దాకా, మే నెల ఎండలో, నాలుగు వందల డెబ్బై కిలోమీటర్లు. బండి దిగాక కూడా అదే మాట మీదుంటే నేను సగం మీసం తీయించుకుంటాను.

కిల్టంటే తెలియనివాళ్ళకి చెబుతున్నాను. స్కాట్లాండు మగవాళ్ళు కట్టుకునే గళ్ళ లంగా. ఎర్ర గళ్ళు, మధ్యలో నల్ల చారలు, వెనకంతా కుచ్చిళ్ళు. మోకాళ్ళ దగ్గరకొచ్చి ఆగిపోతుంది. మా ఆవిడ చీర ఆరు గజాలైతే నా కిల్టు ఎనిమిది గజాలు. పైగా ఉన్ని. దుబాయ్‌లో ఉన్ని! ఈ ఆలోచన ఎవడికొచ్చిందో గానీ వాడు ఎప్పుడూ ఏసీ గది దాటి బయటకొచ్చి ఉండడు.

మా కంపెనీ హోటళ్ళ ఓపెనింగులకీ, పెళ్ళిళ్ళకీ బ్యాగ్‌పైపుల బ్యాండు, అంటే తోలుసంచిలోకి గాలి ఊది వాయించే స్కాట్లాండు బ్యాండు పంపిస్తుంది. బ్యాండులో స్కాట్లాండు వాడు మందుకి కూడా దొరకడు. ఇద్దరు పాకిస్తాన్ సియాల్‌కోట్ వాళ్ళు, ముగ్గురు మలయాళీలు, చిన్న డ్రమ్ము వాయించే జగిత్యాల హన్మంతు. నేను పెద్దిరాజుని, రాజోలు దగ్గర మాది. డ్రైవర్ని. నా వీసా మీద కూడా డ్రైవరనే ఉంటుంది. రెండేళ్ళ కిందట పెద్ద డ్రమ్ము కొట్టే నేపాలీ ఊరెళ్ళి మళ్ళీ రాలేదు. ప్రోగ్రాములు చూసే శ్రీసుధ మేడమ్, హైదరాబాదు అమ్మాయి, నన్ను ఆఫీసుకి పిలిచింది.

"పెద్దిరాజు గారూ, ఒక్క వీకెండ్ అడ్జస్ట్ అవ్వండి ప్లీజ్. మెడలో డ్రమ్ము వేసుకుని లెఫ్ట్, రైట్‌కి ఒక్కో దెబ్బ కొట్టడమే కదా."

ఆ ఒక్క వీకెండు ఇప్పటికీ అయిపోలేదు.

మొదటి రోజు దాన్ని పంచె కట్టినట్టే కట్టాను. కుచ్చిళ్ళు ముందుకి వచ్చేలా, శుభ్రంగా బొడ్డు దగ్గర పెట్టుకుని, అద్దంలో చూసుకుని బాగానే ఉందనుకున్నాను. హన్మంతు నన్ను చూసి నేల మీద కూలబడి నవ్వాడు. "అన్నా, ఇది పంచ కాదే! కుచ్చిళ్ళు ఎన్కకు పోవాలె," అని వాడే తిప్పి కట్టాడు. నిజం చెప్పాలంటే బండి తోలేవాడికి నా పద్ధతే మేలు. వెనక కుచ్చిళ్ళుంటే వాటి మీద కూర్చోవాలి. ఆ మడతలు తొడల కింద గంటసేపు ఒత్తుకుంటే చాప మీద పడుకుని లేచిన ఒంటిలాగా చారలు పడతాయి.

అందుకని హన్మంతు నాకు కూర్చోవడం కూడా నేర్పాడు. సీటు మీద తడిపి పిండిన తువ్వాలు పరుచుకోవాలి. రెండు చేతులూ వెనక్కి పెట్టి, కుచ్చిళ్ళని కిందికి సాపు చేసుకుంటూ నెమ్మదిగా కూర్చోవాలి. ముందు వేలాడే తోలుసంచిని ఎడమ తుంటి మీదకి తిప్పాలి, లేకపోతే సీటుబెల్టు దాన్ని పొట్టలో గుచ్చుతుంది. నడుం పటకా ఒక చిల్లు వదులు చేయాలి. ఏసీ గాలి కాళ్ళ వైపు పెట్టకూడదు, పెడితే లంగా గొడుగులా లేస్తుంది. ఇన్ని చేసినా గంటన్నర దాటితే దురద మొదలు. నలభై దాటిన మగవాణ్ణి, స్టీరింగు వదిలి గోక్కోవడానికి సిగ్నల్ ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూసే బతుకు బతికాను.

దీనికి తోడు ఆఫీసు రూలొకటి. వేషంలో ఉన్నప్పుడు ప్రోగ్రాము దగ్గర తప్ప ఎక్కడా బండి దిగకూడదు. ఎప్పుడో పెట్రోలు పంపు దగ్గర మావాడొకడు ఆ లంగాతో గొంతుక్కూర్చుని టీ తాగుతుంటే ఎవరో వీడియో తీసి పెట్టారు. అప్పటి నుంచి కట్టుకుంటే బండే మా జైలు.

ఒక్కణ్ణే ఉన్నప్పుడు మాత్రం నాకో ఉపాయం ఉండేది. కిల్టు విప్పేసి, కుచ్చిళ్ళు నలగకుండా హ్యాంగరుకి వేసి పక్క కిటికీకి తగిలించి, లోపలి నిక్కరుతో తోలుకుంటూ పోయేవాణ్ణి. హాయంటే అదీ హాయి. ఆ హాయే నా కొంప ముంచింది. అదెలాగో చెబుతాను.

మా ఆవిడ సత్యకుమారి అబుదాబి పక్కన బనియాస్‌లో ఒక ఇంట్లో పని చేస్తుంది. రెండేళ్ళ కాంట్రాక్టు. మాకు పిల్లలు లేరు. ఒకే దేశంలో ఉంటే అప్పుడప్పుడైనా చూసుకోవచ్చని నేనే పిలిపించాను. తీరా వచ్చాక తనకి గేటు దాటే వీల్లేదు, నాకు సెలవు దొరకదు. రెండేళ్ళలో మూడుసార్లు కలిశాం. బ్యాండు సంగతి ఆమెకి చెప్పలేదు. కంపెనీ డ్రైవర్నని, ఇస్త్రీ చొక్కా వేసుకుని తెల్ల వ్యాను తోలుతున్నానని చెప్పి, వ్యాను ఫొటో ఒకటి పంపాను. మా ఊళ్ళో ఆడవేషం కట్టే ఒకాయన్ని కుర్రప్పుడు మేం ఎంత ఏడిపించేవాళ్ళమో నాకు గుర్తుంది. ఏడిపించే గుంపులో నేనే ముందుండేవాణ్ణి. అలాంటి నేను ఏ మొహం పెట్టుకుని చెప్పను?

పధ్నాలుగు నెలల కిందట సత్యకుమారి చేతి మీద వేడినూనె పడింది. "ఒక్కసారి వచ్చి కనిపించండి, నాకు ధైర్యంగా ఉంటాది," అంది. అల్ ఐన్‌లో ప్రోగ్రాము ముగించుకుని ఒక్కణ్ణే తిరిగొస్తూ బనియాస్ వైపు తిప్పాను. నిక్కరు మీదున్నాను. కిల్టు కిటికీకి వేలాడుతోంది. ప్యాంటున్న సంచి డ్రమ్ముల కింద ఎక్కడో ఉంది, తీసి వేసుకుంటే సరిపోతుందనుకున్నాను. తీరా చూస్తే ఆ సంచి అల్ ఐన్‌లోనే ఉండిపోయింది.

వాళ్ళ గేటుకి ఎదురుగా, రోడ్డుకి ఇవతల బండి ఆపాను. సత్యకుమారి గేటు దగ్గరే ఉంది, చేతికి కట్టుతో. ఒక్కతే కాదు, పక్కిళ్ళలో పనిచేసే మన గోదావరి ఆడవాళ్ళు నలుగురున్నారు. మా ఆయన వస్తున్నాడని చెప్పి ఉంటుంది. దిగితే నిక్కరుతో దిగాలి, లేదా లంగాతో దిగాలి. పావుగంట తలుపు పిడి పట్టుకుని కూర్చున్నాను. తర్వాత ఫోన్ చేశాను.

"సత్యా, ట్రాఫిక్కులో ఇరుక్కుపోయాను. ఇంకా దుబాయ్‌లోనే ఉన్నాను. ఇవాళ కుదరదే."

"సరేనండి," అని పెట్టేసింది. అలాంటి తెల్ల వ్యాన్లు అక్కడ వందలుంటాయి, నాదని గుర్తుపట్టి ఉండదనే ధీమాతో బండి తిప్పుకుని వెళ్ళిపోయాను.

ఆ రోజు నుంచి నాతో మాట తగ్గించేసింది. ఫోన్ చేస్తే ఎత్తదు. వారానికో వాయిస్ మెసేజ్, అందులో నాలుగు ముక్కలు. రాలేదని అలిగిందనుకున్నాను. పోయిన నెల వచ్చిన మెసేజ్ మాత్రం అలక కాదు. "మేడమ్ ఇంకో రెండేళ్ళు ఉండమంది. వద్దని వీసా క్యాన్సిల్ చేయించేసేను. ఎళ్ళేది మీ ఇంటికి కాదు, తాడేపల్లిగూడెం మా అన్నయ్య దగ్గరికి. మీరు ఫోన్ చేయకండి." అది విన్నాక మూడు రోజులు నాకు అన్నం సహించలేదు.

పక్కింట్లో పనిచేసే విజయదుర్గే పుణ్యం కట్టుకుంది. "అన్నయ్యా, గురువారం సాయంత్రం సత్య ఎల్లిపోతంది. నాలుగున్నరకి కారు కదులుద్ది. ఆ లోపు వస్తే గేటు దగ్గర మాటాడుకోవచ్చు. మళ్ళీ నన్నడగొద్దు," అని ఫోన్ చేసి చెప్పింది. నా తర్వాతి సెలవుకి ఇంకా ఏడాదిన్నర ఉంది. ఏడాదిన్నర అన్నయ్య ఇంట్లో ఉన్న మనిషి మళ్ళీ నా ఇంటికి వస్తుందా? కారు కదిలేలోపు ఆ కాసేపే నాకున్నది.

శ్రీసుధ మేడమ్‌ని బతిమాలాను. ఆ పిల్ల మంచిదే. గురువారం మధ్యాహ్నం ఖోర్‌ఫక్కాన్‌లో, రాత్రి రువైస్‌లో ప్రోగ్రాములు. దారిలో బనియాస్‌లో అరగంట బ్రేకని రాసింది. "కానీ కాస్ట్యూమ్‌లో దిగకండి పెద్దిరాజు గారూ, నా ఉద్యోగం పోతుంది," అంది. దిగనండీ అన్నాను. కొత్త ప్యాంటు, కొత్త చొక్కా కొన్నాను. కలిసినప్పుడు ఏం చెప్పాలో కూడా అనుకున్నాను. ఆ రోజు రాకపోవడం నాదే తప్పు, క్షమించు, మనింటికే వెళ్ళు అని.

ఖోర్‌ఫక్కాన్‌లో హోటలు పెద్దమనిషి గంట ఆలస్యంగా వచ్చి రిబ్బను కత్తిరించాడు. బట్టలు మార్చుకునే టైము కూడా లేక కిల్టులతోనే ఒకటింపావుకి బయటపడ్డాం. మిగతావాళ్ళు బస్సులో ముందు వెళ్ళిపోయారు. డ్రమ్ములతో వ్యానులో నేనూ హన్మంతూ. సొరంగాలు దాటి బండి ఎండలోకి వచ్చాక అడిగాను.

"ఒరే, నా నీలం సంచి ఎక్కడ పెట్టావు?"

"బస్సుల ఏసిన అన్నా. ఈడ డ్రమ్ములకే జాగ లేకుండె."

"నా ప్యాంటు అందులో ఉందిరా!"

"అయ్యో. నాది గూడ అండ్లనే ఉన్నది," అన్నాడు ఆ మహానుభావుడు.

తిట్టాను. తెలుగులో తిట్లు అయిపోయాక హిందీలో తిట్టాను. వాడు కిటికీలోంచి కొండల్ని చూస్తూ కూర్చున్నాడు. బస్సు నలభై నిమిషాలు ముందుంది, మా వ్యాను వంద దాటితే ఆఫీసు బిగించిన డబ్బా కుయ్‌మంటుంది. అందుకోవడం జరిగే పని కాదు. షార్జాలో రోలా బజారుకి తిప్పుదామా, ఏ షాపులోనైనా ఒక ప్యాంటు దొరక్కపోతుందా అనుకున్నాను. రోలా సందుల్లో దూరితే గంట పోతుంది. ప్యాంటా, సత్యకుమారా? ఎమిరేట్స్ రోడ్డు ఎక్కేశాను.

ఎక్కిన పావుగంటకే అంతా ఆగిపోయింది. ముందెక్కడో లారీ బోల్తా పడిందట. అటూ ఇటూ లారీలు, మధ్యలో మేము. బయట నలభై నాలుగు డిగ్రీలు. ఆగిన బండిలో ఏసీ మూలుగుతోంది గానీ చల్లబరచడం లేదు. తువ్వాలు ఎప్పుడో ఆరిపోయింది. ఉన్ని తొడలకి అంటుకుపోయి, లోపల చీమలు పాకుతున్నట్టుంది. దిగి నిలబడి ఒక్కసారి దులుపుకుంటే చాలు. దిగడానికి లేదు. టైము చూస్తే రెండూ యాభై. మళ్ళీ చూస్తే మూడూ ఐదు. బండి పది గజాలు జరిగింది.

పక్క లారీలో పఠాన్ డ్రైవరు పై నుంచి నా మోకాళ్ళ వైపు చూస్తున్నాడు. చూసి, మొహం తిప్పుకుని, మళ్ళీ చూశాడు. హన్మంతు అద్దం దించాడు.

"ఖాన్ సాబ్! ఎక్‌స్ట్రా సల్వార్ హై క్యా? అర్జెంట్ హై!"

పఠాన్ మమ్మల్ని ఎగాదిగా చూసి, అద్దం ఎత్తేసుకుని, లోపల చిలుకు కూడా వేసుకున్నాడు. ఇంకో రోజైతే పొట్ట పట్టుకుని నవ్వేవాణ్ణి. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. స్టీరింగు మీద తల పెట్టుకుని నిజంగానే ఏడ్చాను. హన్మంతు వీపు మీద చెయ్యి వేశాడు.

"ఊకో అన్నా. ప్యాంటు లేకుంటే ఏమైతది? వదిన నిన్ను చూస్తదా, ప్యాంటును చూస్తదా?"

"నీకు తెలీదురా," అన్నాను. ఆ పధ్నాలుగు నెలల కిందటి సంగతి అంతా వాడికి చెప్పాను. అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. వాడు అంతా విని, "గింత దానికా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

మూడున్నరకి దారి వదిలారు. ఆ తర్వాత డబ్బా కుయ్‌మన్నా పట్టించుకోలేదు.

బనియాస్‌లో ఆ ఇంటి ముందు బండి ఆపేసరికి నాలుగూ ఇరవై రెండు. గేటు బయట నల్ల కారు, డిక్కీ తెరిచి ఉంది. ఆ ఇంటి డ్రైవరు పెట్టెకి తాడు బిగిస్తున్నాడు. సత్యకుమారి విజయదుర్గతో మాట్లాడుతూ నిలబడి ఉంది. లేత పసుపు చుడీదారు, తల నున్నగా దువ్వుకుంది. చిక్కిపోయింది. ఆమెని అలా చూడగానే అనుకున్న మాటలన్నీ మర్చిపోయాను.

చెయ్యి తలుపు పిడి మీద ఉంది. అది కదలడం లేదు. మెడ కింద చెమట, నడుం దగ్గర నలిగిపోయిన కుచ్చిళ్ళు, ఒక మేజోడు జారిపోయి ఉంది. గేటు దగ్గర ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి నిలబడ్డారు.

"దిగన్నా," అన్నాడు హన్మంతు. "దిగనంటవా? నేను దిగి పోయి వదిన్ని తోల్కొస్త. నాకేం సిగ్గు లేదు."

వాడు తలుపు తీయబోయాడు. నా పెళ్ళాన్ని పిలవడానికి ఇంకొకడు వెళ్ళడమా? ఆ ఒక్క ముక్కకే నాకు కాళ్ళొచ్చాయి. దిగాను. వేడిగాలి మోకాళ్ళకి కొట్టింది. రోడ్డు దాటాను. విజయదుర్గ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. ఇంటి డ్రైవరు తాడు వదిలేసి నోరు తెరిచాడు. చూడనీ అనుకున్నాను.

సత్యకుమారి నా మొహం చూడలేదు. నా నడుం కిందకే చూస్తోంది. దగ్గరికొచ్చి, ఒంగి, ఆ ఎర్రగళ్ళ అంచుని రెండు వేళ్ళతో పట్టుకుంది. చీరల కొట్టులో గుడ్డ చూసినట్టు నలిపి చూసింది.

"ఇదేనా?"

"ఏది?"

"ఆ రోజు మీ బండి కిటికీకి తగిలించి ఉన్నాది."

నేను వెనక్కి తిరిగి రోడ్డవతల నా బండి వైపు చూశాను.

"చూసేనండి," అంది. "మీ బండి ఫొటో మీరే పంపేరు కదా. వచ్చి అక్కడే ఆగింది, ఇప్పుడు ఆగిన చోటే. కిటికీకి ఎర్ర లంగా. లోపల మీరు కూర్చుని ఉన్నారు, చొక్కా వరకే కనపడతంది. అప్పుడు మీరు ఫోన్ చేసి దుబాయ్‌లో ఉన్నానన్నారు. వీళ్ళందరూ నా పక్కనే ఉన్నారు. వీళ్ళూ చూసేరు."

"సత్యా, అది నాదే. నేను బ్యాండులో... ప్రోగ్రాములకి ఇది కట్టుకోవాలి. ఆడవాళ్ళు ఎవరూ లేరు. ఒట్టు. నిక్కరుతో ఉన్నాను, అందుకే దిగలేకపోయాను. నలుగురిలో నీకు నామోషీ అవుద్దని..."

"నాకా?"

"నాకే," అన్నాను.

హమ్మయ్య, చెప్పేశాను, ఇక అంతా సర్దుకుంటుందనుకున్నాను. పిచ్చివాణ్ణి. ఆమె కళ్ళలోకి చూస్తే కోపం ఇంకా పెరుగుతోంది.

"పధ్నాలుగు నెలలు," అంది. "రాత్రుళ్ళు అంట్లు తోముకుంటా ఆ లంగా ఎవరిదా అని ఏడ్చేను. అది ఎంత అందంగా ఉంటాదో, మీరు దానికి ఏం కొనిపెడతారో, అన్నీ ఊహించుకున్నాను. మేడమ్ ఉండమని బతిమాలితే, ఆయన ఉన్న దేశంలో ఉండనని సంతకం పెట్టేసేను. ఇప్పుడు ఇది మీదంటారా?"

"క్యాన్సిల్ ఆపించలేమా? మీ మేడమ్‌ని నేను అడుగుతాను."

"ఖలాస్ అయిపోయిందండి. నిన్ననే ఖలాస్."

ఇంటి డ్రైవరు డిక్కీ మూశాడు. "యల్లా, యల్లా," అన్నాడు గడియారం చూపిస్తూ.

"అయితే మనింటికి వెళ్ళు సత్యా. తాళం మా పిన్ని దగ్గరుంది. అన్నయ్య ఇంటికెందుకు? ఎవరూ లేరని తెలిసింది కదా."

"ఉంటేనే బాగుండును," అంది సత్యకుమారి. ఆ మాట గట్టిగా అనలేదు. "ఎవతో ఉంటే జుట్టు పట్టుకుని పోట్లాడి నా మొగుణ్ణి నేను తెచ్చుకుందును. మీ సిగ్గుతో ఎలా పోట్లాడనండి? కాలిన చెయ్యి పట్టుకుని నేను గేటు దగ్గర నిలబడ్డాను. మీరు పది అడుగుల దూరంలో ఉండి కూడా దిగలేదు. నేనేవన్నా పరాయిదాన్నా?"

ఆమె చేతి మీద మచ్చ మోచేతి దాకా ఉంది. ఆ రోజు కట్టు మాత్రమే చూశాను, అంత పెద్ద గాయమని నాకు తెలియదు. పట్టుకున్నాను. లాక్కోలేదు, అలాగని నా చెయ్యి పట్టుకోనూ లేదు.

కారు ఎక్కింది. నేను పక్కనే నిలబడ్డాను. ఇంజను వేశాక అద్దం దించింది. ఏదో అంటుందని ఒంగాను. ఆమె నా నడుం పటకా దగ్గర నుంచి జారిన మేజోడు దాకా మొత్తం ఒకసారి చూసింది, మొదటిసారి చూస్తున్నట్టు.

"బ్యాండులో మీరేం వాయిస్తారు?"

"పెద్ద డ్రమ్ము."

"రెండేళ్ళలో ఒక్కసారి చెప్పలేదే," అంది. "బాగా వాయిస్తారా?"

ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నన్ను నేను కూడా అడుక్కోలేదు. నోరు తెరిచేలోపు అద్దం పైకి లేచింది, కారు కదిలింది.

వాయిస్తాను సత్యా. బాగానే వాయిస్తాను. నడిరోడ్డు మీద నిలబడి గట్టిగానే చెప్పాను. కారు అప్పటికే సందు మలుపు తిరిగిపోయింది.